మైకు ఆపిన రాత్రి

చైత్రమాసం ప్రవేశించిందంటే దేశ రాజధానిలోని వార్తా కార్యాలయాలలో ఒక అలిఖిత ఆనవాయితీ మొదలవుతుంది. ఏ రాష్ట్రంలో శ్రీరామనవమి ఊరేగింపు ఏ దారిన సాగనున్నది, ఎక్కడ అదనపు బలగాలను మోహరించారు, ఏ జిల్లాలో అంతర్జాల సేవలను నిలిపివేశారు అన్న వివరాల సేకరణ విలేఖరుల వంతు అవుతుంది. ఆ పనిలో ఎన్నో చైత్రాలు గడిపిన నన్ను, కాసేపు రాజకీయాల ప్రస్తావన లేకుండా మాట్లాడుకుందామన్న ఉద్దేశంతో, ఒక మిత్రుడు ఈ మధ్య ఇలా అడిగాడు: “నువ్వు ప్రత్యక్షంగా విన్న కచేరీలలో అత్యుత్తమమైనది ఏది? అధమాధమమైనది ఏది?”

జవాబు కోసం జ్ఞాపకాలను తరచి చూసుకుంటే ఆశ్చర్యం కలిగింది. రెండూ శ్రీరామనవమి రోజులవే. రెండింటిలోనూ పలికిన నామం ఒక్కటే. వాటి నడుమ ఉన్న దూరం మాత్రం గత నూరేళ్ల మన రాజకీయ చరిత్ర అంత పొడవైనది. మిత్రునికి ఆ పూట చెప్పలేకపోయిన జవాబు ఇది.

ముందుగా ఆ మంచి రాత్రి నడిచిన ఊరిని గురించి చెప్పాలి. జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ మా బాల్యం గడిచిన చోటు. సాక్చీ అనే పల్లె చుట్టూ ఉక్కు కర్మాగారం లేచింది. 1912 ఫిబ్రవరిలో అక్కడ మొదటి ఉక్కు తయారైంది. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. బెంగాల్–నాగపూర్ రైల్వే పట్టాల వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు అక్కడికి తరలివెళ్లారు. కొలిమి దగ్గర, రోలింగు మిల్లులో, గుమాస్తా బల్లల దగ్గర కుదురుకున్నారు. కదమాలో, బిష్టుపూర్‌లో తమ సంఘాలను, బడులను, గుడిని నిలబెట్టుకున్నారు. ‘దేవర’ సినిమా పాటతో 2024లో తెలుగునాట ఇంటింటా వినిపించిన శిల్పారావు ఆ ఊరి తెలుగు ఇంటి బిడ్డే.

1919వ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవలసిన కారణాలు మరో రెండున్నాయి. విజయనగరంలో సంగీత కళాశాల ఆ ఏడాదే ఏర్పడింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. కాలికి గజ్జె, చేతిలో చిరుతలు, ఎలాంటి యంత్రసాయం లేకుండా సభ చివరి వరుసకు చేరే కంఠం ఆయన సంపద. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ శాన్‌డియేగోలో యాభైవేల మంది ఎదుట విద్యుత్ ధ్వనివర్ధకం సాయంతో ప్రసంగించాడు. రాజకీయ నాయకునికి లౌడ్‌స్పీకరు ఆయుధమైన తొలి సందర్భాలలో అదొకటి. మా ఊరి పేరు, మా ప్రాంతపు సంగీత విద్యాలయం, మనిషి గొంతును వందరెట్లు చేసే యంత్రపు రాజకీయ ప్రవేశం ఒకే ఈడువి.

ఇక ఆ రాత్రి సంగతి. 1980వ దశకం నడిమి రోజులు. బిష్టుపూర్ రామమందిరం దగ్గర నవమి పందిరి వేశారు. తాటాకుల వాసన, బెల్లం పానకంలో మిరియాల ఘాటు, ఇత్తడి పళ్లెంలో వడపప్పు. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక వృద్ధ హరిదాసుగారు సీతాకల్యాణం చెబుతున్నారు. మృదంగం, ఫిడేలు, హార్మోనియం. కథ ఎనిమిది గంటలకు మొదలైంది. తొమ్మిదిన్నరకు శివధనుస్సు విరిగింది. ఆడవాళ్లు అక్షింతలు చల్లారు. పది కొట్టింది.

ఆ ఊరిలో పది గంటలంటే రెండు సంఘటనలు. మధ్యాహ్నం రెండింటికి కర్మాగారంలోకి వెళ్లిన బి షిఫ్టు వాళ్లు బయటికి వస్తారు. మర్నాడు ఉదయం ఆరింటికి గేటు దగ్గర ఉండవలసిన ఏ షిఫ్టు వాళ్లు అప్పటికే నిద్రలో ఉంటారు. వచ్చేవాళ్లకు కథ కావాలి, పడుకున్నవాళ్లకు నిద్ర కావాలి. ఇద్దరి పక్షాన్నీ పట్టించుకున్న పందిరి పెద్దలు ఒక నియమం పెట్టుకున్నారు: పది దాటితే మైకు ఉండదు. అప్పటికి అలాంటి చట్టం గురించి మేమెవరమూ వినలేదు. కొలిమి దగ్గర పనిచేసి వచ్చిన మనిషి నిద్ర విలువ తెలిసినవాళ్లు గనుక పెట్టుకున్న కట్టుబాటు అది.

మైకు ఆగింది. ఒక్కసారిగా పందిరి చిన్నదైపోయినట్టు తోచింది. హరిదాసుగారు చేయి ఊపి అందరినీ దగ్గరకు జరగమన్నారు. జంపఖానాలు ముందుకు లాగారు. సరిగ్గా అప్పుడే సైకిళ్ల గంటలు వినిపించాయి. బి షిఫ్టు వచ్చింది. నీలం రంగు పనిబట్టలు, నూనె మరకలు, చేతిలో ఖాళీ కారియర్లు. వారిలో మా నాన్నగారున్నారు. ఆయన వెంట ఆయన మిల్లులో పనిచేసే మిత్రుడు ఒకాయన ఉన్నారు. పొరుగునున్న ధాత్కిడీ వాసి, ముస్లిం. మా ఇంటికి తరచు వచ్చే ఆ చాచాజీ 1979 తరువాత మా వీధిలోకి రావడం మానేశారు. ఎందుకు రారని నేనొకసారి అడిగితే అమ్మ మాట మార్చింది. ఆ రాత్రి మాత్రం వచ్చారు. పందిరి అంచున, చెప్పులు విడిచే చోటికి దగ్గరలో కూర్చున్నారు. ముందు వరుసలో చోటున్నా నాన్నగారు కూడా ఆయన పక్కనే కూర్చున్నారు.

హరిదాసుగారు కొత్తగా వచ్చిన వాళ్లను చూశారు. కథ అప్పటికే పెళ్లి ముహూర్తం దగ్గరకు చేరింది. ఆయన మృదంగం వాయిస్తున్నాయనకు సైగచేసి, “డ్యూటీ దిగి వచ్చిన బాబులు విల్లు విరగడం చూడలేదు కదా! జనకుడు మరో విల్లు తెప్పించాడు” అన్నారు. పందిరంతా నవ్వింది. ఆయన ధనుస్సును మళ్లీ సభలోకి మోయించారు, రాజులందరినీ మళ్లీ ఓడించారు, రాముణ్ణి మళ్లీ లేపారు. ఈసారి మైకు లేదు. ఆ వృద్ధుని అసలు గొంతు, గజ్జెల మోత, ఫిడేలు మీద కమాను రాపిడి మాత్రమే. విల్లు విరిగినప్పుడు ఆయన గొంతు పెంచలేదు, తగ్గించారు. అందరం ఊపిరి బిగబట్టి ముందుకు వంగాం. చాచాజీ కూడా ముందుకు వంగారు. మంగళం పాడేసరికి పన్నెండు దాటింది. ఏ షిఫ్టు ఇళ్లలో ఒక్క దీపమూ వెలగలేదు.

తరువాతి కాలంలో పెద్ద పెద్ద విద్వాంసులను పెద్ద పెద్ద సభలలో విన్నాను. శాస్త్రం దృష్టితో తూచితే వాటిలో చాలా కచేరీలు ఆ హరికథకన్నా గొప్పవి కావచ్చు. ఆలస్యంగా వచ్చినవాని కోసం విల్లును రెండోసారి విరిచిన కళాకారుడు, నిద్రపోయేవాని కోసం మైకు ఆపిన సభ ఒకే చోట నాకు మళ్లీ తారసపడలేదు.

చెడ్డ కచేరీ ఏదని అడిగితే చాలాకాలం వేరే జవాబు చెప్పేవాణ్ణి. ఒక నగరంలో, ఒక మైదానంలో జరిగిన సినీ సంగీత విభావరి అది. ముందు పది వరుసలు సోఫాలు, వాటికి పాసులు. వెనుక వెదురు కంచె, కంచె వెనుక టిక్కెట్టు కొన్న జనం. ముఖ్య అతిథి రావడానికి రెండున్నర గంటలు ఆలస్యమైంది. వచ్చాక సన్మానాలకు మరో గంట. గాయకుడు పెదవులు కదిపాడు, పాట రికార్డులోంచి వచ్చింది. విసిగి వెళ్లిపోదామంటే అతిథిగారి వాహనాలు కదిలేదాకా గేట్లు తీయబోమన్నారు. పిల్లలు ఏడ్చారు, తోపులాట జరిగింది, లాఠీలు లేచాయి. ఇంతకన్నా అధమమైన కచేరీ ఉంటుందా అనుకున్నాను. ఉంటుందని పదేళ్ల తరువాత తెలిసింది.

అది ఉత్తరాది పట్టణం ఒకటి. నవమి ఊరేగింపు వార్త రాయడానికి వెళ్లాను. లారీ మీద మనిషి ఎత్తు స్పీకర్లు, రంగుదీపాలు, డీజే. ఊరేగింపు ఒక సందు మొగలో ఆగింది. గుడి దగ్గర ఆగలేదు, కూడలిలో ఆగలేదు, ఆ సందు మొగలోనే ఆగింది. నేనొక మందుల దుకాణం సగం దించిన షట్టరు వెనుక నిలబడ్డాను. నలభై నిమిషాలు అక్కడి నుంచి లారీ కదలలేదు. అరల్లో సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. పాటలో రాముని పేరుంది. పాట మాత్రం మూసిన కిటికీలను ఉద్దేశించింది. దుకాణం యజమాని, నెరిసిన గడ్డం మనిషి, నా చెవి దగ్గర నోరు పెట్టి, “ఈ పాట రాములవారికి కాదు బాబూ, మాకు” అన్నాడు.

ఆ రాత్రి నేను పంపిన వార్తలో మొదటి వాక్యం: “ఊరేగింపు ప్రశాంతంగా ముగిసింది.” రాళ్లు పడలేదు, రక్తం కారలేదు గనుక అధికార భాషలో అది నిజమే. ఆ వాక్యం రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడు ఈ రెండు రాత్రుల నడుమ ఉన్న చరిత్రను చూద్దాం. అది మన తెలుగు నేల మీదుగానే నడిచింది. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. మౌలానా మొహమ్మద్ అలీ అధ్యక్షుడు. ప్రారంభంలో వందేమాతరం పాడడానికి పండిట్ విష్ణు దిగంబర్ పలుస్కర్ లేచారు. మతకారణాల వల్ల సంగీతం తగదని అధ్యక్షుడు అభ్యంతరం చెప్పారు. ఇది జాతీయ వేదికే కాని ఏ ఒక్క మతానికీ చెందిన ప్రార్థనా స్థలం కాదన్న వైఖరితో పలుస్కర్ పాట ఆపలేదు. అధ్యక్షుడు వేదిక దిగి వెళ్లిపోయారు. ఈ ఉదంతాన్ని నేటికీ ఒక పక్షం మరో పక్షం మీద విసురుతూనే ఉంటుంది. నాకు మాత్రం అందులో ఇద్దరి హక్కులూ చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. పలుస్కర్‌కు పాడే హక్కు ఉంది, పాడారు. మొహమ్మద్ అలీకి వినకుండా ఉండే హక్కు ఉంది, లేచి వెళ్లారు. లేచి వెళ్లడానికి ఆయనకు దారి ఉంది.

అదే మహాసభ మరో నిర్ణయం తీసుకుంది. చిత్తరంజన్ దాస్ రూపొందించిన బెంగాల్ ఒడంబడికను తిరస్కరించింది. ఉద్యోగాలు, ప్రాతినిధ్యంతో పాటు అందులో ఒక నిబంధన ఉంది: మసీదుల ఎదుట ఊరేగింపులలో వాద్యాలు మోగించరాదు. మరుసటి ఏడు సిరాజ్‌గంజ్‌లో బెంగాల్ ప్రాంతీయ సభ దానిని ఆమోదించింది గాని, 1925లో దాస్ మరణించాక దానిని కాపాడేవారు కరువయ్యారు. 1926 ఏప్రిల్‌లో కలకత్తా హారిసన్ రోడ్డులో ఒక మసీదు ఎదుట ఊరేగింపు వాద్యాల మీద తగాదా మొదలై నగరమంతా అంటుకుంది. అప్పటికి డీజేలు లేవు. డప్పులు, బాకాలు చాలాయి. నేరం యంత్రానిది మాత్రమే అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. యంత్రం పని సులువు చేసింది, అంతే.

మా ఊరూ దీనికి అతీతం కాలేదు. 1979 ఏప్రిల్ 11న జంషెడ్‌పూర్‌లో నవమి ఊరేగింపు ఏ దారిన పోవాలన్న వివాదం మారణకాండగా మారింది. వందమందికి పైగా చనిపోయారు. మతసామరస్యం కోసం పాటుపడిన ఉర్దూ రచయిత జకీ అన్వర్ వారిలో ఒకరు. జస్టిస్ జితేంద్ర నారాయణ్ విచారణ సంఘం పరిశీలించిన ప్రశ్నలన్నింటికీ మూలంలో ఉన్నది ఒక దారి. ఫలానా దారినే వెళ్లాలన్న పట్టుదల భక్తికి ఎందుకు కలుగుతుంది? ఆ దారిలో దేవుడున్నాడనా, ఆ దారిలో ఎవరో ఉన్నారనా? మా చాచాజీ మా వీధికి రావడం ఎందుకు మానేశారో పెద్దయ్యాక, ఆ కాలపు పత్రికలు తిరగేస్తుంటే అర్థమైంది.

నడిచే సంగీతమంతా చెడ్డదని, కూర్చున్న సంగీతమే మంచిదని నేననడం లేదు. మన నాదస్వరం పుట్టిందే నడవడానికి. ఒంగోలు దగ్గరి కరవది గ్రామంలో పుట్టిన షేక్ చిన్న మౌలానా శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుని సన్నిధిలో నాదస్వరం వాయించారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ నాదం స్వామివారి వెంట నడిచింది, స్వామివారి కోసం మోగింది. పీర్ల పండుగకు మన పల్లెల్లో డప్పు కొట్టిన చేతులు ఏ మతానివో ఎవరూ లెక్కపెట్టలేదు. గుంటూరు సీమ నుంచి వచ్చిన షేక్ నాజర్ బుర్రకథగా పల్నాటి యుద్ధం చెబితే జనం బండ్లు కట్టుకుని వెళ్లారు. నడక దోషం కాదు. ఎవరి కోసం వాయిస్తున్నామన్నదే తేడా.

దీనిని ఒక మతానికే పరిమితం చేయడమూ న్యాయం కాదు. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, పార్టీ ప్రచార రథం, పెళ్లి ఊరేగింపు అన్నీ ఇందులో భాగస్వాములే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగ లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. 2005 జూలై 18న సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా చెప్పింది: భావప్రకటనా స్వేచ్ఛ అంటే ఇతరులను నిర్బంధ శ్రోతలుగా మార్చే స్వేచ్ఛ కాదు, ప్రశాంతంగా బతకడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగం. పండుగల పేరిట ఏడాదికి పదిహేను రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం మాత్రం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. ఆ పదిహేను రోజులు ఎవరికి దక్కుతాయన్నదే తరువాతి రాజకీయం.

అంటే మంచి సభకు రెండు వాకిళ్లు ఉండాలి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. లోపలి వాకిలి కథ బెంగుళూరు నాగరత్నమ్మకు తెలుసు. తెలుగులో పాడుకున్న త్యాగయ్య సమాధి దగ్గర స్త్రీలు పాడకూడదన్న రోజుల్లో, దేవదాసీ కులంలో పుట్టిన ఆమె 1920లలో తన సొమ్ముతో ఆయనకు తిరువయ్యారులో గుడి కట్టించింది. స్త్రీల కోసం వేరుగా ఆరాధన నడిపింది. 1940ల ఆరంభానికి వేరువేరు బృందాలు ఒకటయ్యాయి, స్త్రీలకు వేదిక దక్కింది. బయటి వాకిలి కథ కాకినాడలో మొహమ్మద్ అలీది. సినీ విభావరిలో పేదవానికి లోపలి వాకిలి ఇరుకు, అందరికీ బయటి వాకిలి మూత. ఆ సందులోని మనుషులకు రెండు వాకిళ్లూ లేవు. కచేరీయే వాళ్ల ఇంట్లోకి వచ్చింది. అందుకే అది అధమాధమం.

చివరిగా ఒక మాట. జంషెడ్‌పూర్ ప్రధాన నగరానికి నేటికీ ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. 1924 నుంచి నోటిఫైడ్ ఏరియా కమిటీ, దాని పక్కన కంపెనీ. పారిశ్రామిక పట్టణాలకు 74వ రాజ్యాంగ సవరణ ఇచ్చిన మినహాయింపు మీద దశాబ్దాల వ్యాజ్యం. వార్డు సభ్యుణ్ణి ఎన్నుకునే అవకాశం లేని ఆ ఊరిలో, ఒక పందిరి కింద కొందరు కార్మికులు సమావేశమై, మెలకువగా ఉన్నవాని హక్కును, నిద్రపోతున్నవాని హక్కును తూచి, ఒక నిర్ణయం తీసుకుని అమలు చేశారు. పోలీసు లేడు, కోర్టు లేదు. నేను చూసిన స్థానిక స్వపరిపాలనలో అంతకన్నా శుద్ధమైనది మరొకటి లేదు.

వచ్చే చైత్రంలో కూడా ఎక్కడో ఒక యువ విలేఖరి “ఊరేగింపు ప్రశాంతంగా ముగిసింది” అని రాయడానికి సిద్ధపడతాడు. రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోమని అతనికి నా మనవి: ఎవరికి ప్రశాంతంగా? జవాబు కోసం ఊరేగింపు వెంట నడిస్తే చాలదు. అది ఆగిన చోట, మూసిన కిటికీ లోపలి వైపు నిలబడాలి.

చాచాజీ ఆ రాత్రి వెళ్లిపోతూ ఇత్తడి గ్లాసుతో పానకం తాగి, నాన్నగారితో ఒక్క మాట అన్నారు: “రెండోసారి విరిచినప్పుడే బాగుంది.”